అటక మీది గది

పాఠ్యభాగ నేపథ్యం

ఇల్లు మనిషికి నీడనిస్తుంది. అయితే ఆ ఇంటిలో పసివారికి కేటాయించిన చోటు వారి మనస్సుకు కూడా నీడనిస్తున్నదా, లేదా అన్న విషయాన్ని పెద్దలు తరచుగా ఆలోచించరు. పాతకాలపు మండువా ఇంటి అటకను ఒక బాలికకు పడకగదిగా తీర్చిదిద్దిన సందర్భంలో రచయిత చేసిన పొరపాట్లను, వాటిని దిద్దుకొన్న తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. భద్రత, గాలి వెలుతురుల ఏర్పాటు, గృహోపకరణాల ఎంపిక, అలంకరణ అనే అంశాలపై అవగాహన కలిగించడం, పిల్లల అభిప్రాయాన్ని గౌరవించవలసిన ఆవశ్యకతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి పాత ఇళ్లలో అటకకు ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. పైకప్పుకు దిగువన, గది దూలాలపై చెక్కలు పరచి ఏర్పరచిన ఆ చోటులో పెళ్లిళ్లకు మాత్రమే దించే గంగాళాలు, పసిబిడ్డలు లేని కాలంలో పనిలేని ఊయల తొట్టెలు, కాలు విరిగిన పడకకుర్చీలు, తాతల నాటి భోషాణాలు, ఖాళీ ఆవకాయ జాడీలు కొలువుదీరి ఉంటాయి. వాటిని పారవేయడానికి మనసొప్పదు. వాడుకోవడానికి అవసరం రాదు. అటువంటి వస్తువులకు అటకే ఆశ్రయం. అందుకే ఏదైనా విషయాన్ని పట్టించుకోకుండా పక్కన పెట్టడాన్ని మన భాషలో 'అటకెక్కించడం' అంటారు. ఈ జాతీయానికి అర్థం ఏమిటో నేను ఎన్నో ఏళ్లు తరగతి గదిలో బోధించాను. దాని బరువు ఎంతో మాత్రం నాకు తొమ్మిదేళ్ల బాలిక బోధించింది.

మాది కోనసీమలోని ఒక గ్రామం. మా తాతగారు కట్టించిన మండువా లోగిలి ఇప్పటికీ నిలిచి ఉన్నది. నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ వసారాలు, వసారాల వెనుక గదులు, టేకు స్తంభాలు, ఏటవాలుగా దిగే పెంకుల కప్పు - ఇదీ ఆ ఇంటి స్వరూపం. దగ్గరి పట్టణంలోని కళాశాలలో అధ్యాపకుడినైన నేను, నా భార్య, కుమారుడు, వృద్ధురాలైన మా అమ్మగారు ఆ ఇంట నివసిస్తున్నాం. ఉన్న గదులు మా నలుగురికీ సరిపోయేవి.

ఆ సంవత్సరం మా చెల్లెలి కుటుంబంలో విషాదం సంభవించింది. బావగారు అకాలంగా కాలధర్మం చెందారు. వైద్యానికి చేసిన అప్పులు మిగిలాయి. చెల్లెలు నర్సు శిక్షణ పొందినది కావడంతో కువైట్‌లోని ఒక ఆసుపత్రిలో ఉద్యోగం సంపాదించుకొన్నది. బిడ్డను వెంట తీసుకొని వెళ్లే వీలు లేదు. "అన్నయ్యా, దీన్ని నీ చేతుల్లో పెడుతున్నాను" అని ఒక్క మాట చెప్పి విమానమెక్కింది. అలా మా మేనకోడలు ఒక చిన్న పెట్టెతో, గుప్పెడు బొమ్మలతో మా ఇంటికి చేరింది.

ఆమెకొక గది కావాలి. మిగిలి ఉన్నది అటక ఒక్కటే. ఉత్తరపు గదుల మీద ఉన్న ఆ అటక విశాలమైనదే. పొడవు 5 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. నడికొప్పు కింద ఎత్తు సుమారు 2.75 మీటర్లు ఉంటుంది. అక్కడి నుండి కప్పు ఇరువైపులా వాలుతూ చూరు దగ్గర 1.2 మీటర్లకు తగ్గిపోతుంది. నివాసపు గదికి సాధారణంగా ఉండవలసిన కనీసపు ఎత్తు 2.75 మీటర్లని మన జాతీయ భవన నియమావళి చెబుతున్నది. మా అటకకు ఆ ఎత్తు నడిమి భాగంలో మాత్రమే ఉన్నది. ఈ ఒక్క విషయాన్ని సరిగా ఆలోచించి ఉంటే నేను తరువాత చేసిన పొరపాట్లలో సగం జరిగేవి కావు.

మన ప్రాచీన కావ్యాలలో మేడ మీది గదిని చంద్రశాల అంటారు. రాజకుమార్తెల చంద్రశాలలను గూర్చి తరగతిలో గంటలకొద్దీ వర్ణించి చెప్పే నేను, ఇప్పుడొక చంద్రశాలను స్వయంగా నిర్మించబోతున్నానన్న ఉత్సాహంతో పనికి పూనుకొన్నాను. ఆ వేసవి సెలవులలో పది రోజుల్లో పని పూర్తయింది. గోడలకు గులాబీరంగు వేయించాను. పట్టణం నుండి నిలువెత్తు ఇనుప బీరువా, పెద్దవారు కూర్చొని రాసుకొనే బల్ల, దానికి తగిన కుర్చీ, ఎత్తైన మంచం తెప్పించాను. కార్టూను బొమ్మలున్న తెరలు కట్టించాను. నేను చిన్ననాడు చదువుకొన్న శతకాలను, పురాణకథలను పుస్తకాల అరలో పై వరుసన అమర్చాను. బాలికకు మాత్రం ఒక్క మాటైనా చెప్పలేదు. అకస్మాత్తుగా చూపించి ఆశ్చర్యపరచాలని నా కోరిక.

గదిని చూసి ఆమె "చాలా బాగుంది మామయ్యా" అన్నది. మర్యాద తెలిసిన పిల్ల. ఆ రాత్రి పైకి వెళ్లి పడుకొన్నది. మూడవనాటి వేకువజామున నేను లేచి వచ్చేసరికి వసారాలో మా అమ్మగారి మంచం పక్కన, వట్టి నేలమీద, తన పెట్టెకు తల ఆనించి నిద్రపోతున్నది. అడిగితే "పైన వేడిగా ఉంది" అన్నది. పంకా తెప్పించి బిగింపజేశాను. మరునాడు కూడా ఆమె అక్కడే పడుకొన్నది.

మా అమ్మగారు మెల్లగా అన్నారు: "గది చూపించావు సరే, దాన్ని ఏం కావాలో అడిగావుట్రా?"

ఆ సాయంత్రం నేను మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకొని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు తల వంచుకొని, "మామయ్యా, పనికిరాని వస్తువుల్నే కదా అటకెక్కిస్తారు?" అన్నది.

ముప్పై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్న నాకు ఆ ప్రశ్నకు సమాధానం తోచలేదు. తల్లి దూరమై, తండ్రి లేక, మరొకరి ఇంటికి వచ్చిన పసిపిల్ల తనను గురించి ఏమనుకొంటున్నదో ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. నేను గదిని అలంకరించాను. కానీ ఆ గదిలో ఆమెకు చోటు ఇవ్వలేదు.

మరునాడు ఉదయం ఇద్దరం కలిసి అటకెక్కాం. "అమ్మడూ, ఈ గదిలో నీకు ఏవేవి ఇబ్బందో ఒక్కొక్కటీ చూపించు" అన్నాను. మొదట సంకోచించింది. తరువాత ఒక్కొక్కటిగా చూపించసాగింది. నేను నేలమీద చతికిలబడి ఆమె కళ్ల ఎత్తు నుండి గదిని చూశాను. పుస్తకాల పై అర ఎక్కడో ఆకాశంలో ఉన్నట్లు తోచింది. నిలువెత్తు బీరువా మీదికి ఒరుగుతున్నట్లు భయపెట్టింది. ఉన్న ఒక్క చిన్న గవాక్షం ఆమె తలకంటె ఎత్తున ఉండడం వల్ల బయటి ప్రపంచం ఏమాత్రం కనిపించలేదు. కుర్చీలో కూర్చుంటే ఆమె పాదాలు నేలకు ఆనలేదు. మంచం మీద లేచి కూర్చుంటే వాసం తలకు తగులుతున్నది. ఈ చివరి విషయం ఆమె చెప్పలేదు. నుదుటి మీది చిన్న బొప్పి చెప్పింది.

అప్పుడు మా ఊరి వృద్ధ వడ్రంగిని పిలిపించాను. ఆయన నాలుగు వైపులా చూసి, చెక్కలను కాలితో తట్టి చూసి, "మేష్టారూ, ముందు నేల సంగతి, మెట్ల సంగతి చూడాలండి. రంగులూ తెరలూ చివరి మాట" అన్నాడు. నేను చేసిన క్రమాన్ని ఆయన ఒక్క వాక్యంతో తలకిందులు చేశాడు. ఆనాటి నుండి జరిగిన పనిని నాలుగు భాగాలుగా చెప్పవచ్చు.

మొదటిది భద్రత. అటక అంటే సామాన్లు మోయడానికి వేసినది. మనిషి నడవడానికి, మంచం, బల్ల వేయడానికి అది తగినదో కాదో ముందుగా పరీక్షించాలి. దూలాలలో ఒకదానికి చెద పట్టి ఉన్నదని వడ్రంగి కనుగొన్నాడు. దానిని మార్పించాం. ఇనుప బీరువాను నేను అటక నడిమధ్యన పెట్టించాను. బరువైన వస్తువు దూలం గోడమీద ఆనిన చోటికి దగ్గరగా ఉండాలే తప్ప, దూలం నడుమ ఉండరాదట. బీరువాను కిందికి దింపివేశాం. నిట్టనిలువు నిచ్చెన స్థానంలో వెడల్పైన చెక్కమెట్లు, రెండువైపులా చేతిపట్టు కట్టించాం. మెట్లు పైకి వచ్చే ఖాళీ చుట్టూ కటకటాలు అమర్చాం. కటకటాల పుల్లల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించరాదు. మించితే పసిపిల్లలు దూరే ప్రమాదం ఉన్నది. పిల్లలు ఎక్కడానికి ప్రయత్నించే అవకాశం ఉన్న ప్రతి అరనూ గోడకు మరలతో బిగించాం. గుడ్డ చుట్టిన పాతకాలపు విద్యుత్తు తీగలను పూర్తిగా తొలగించి, కొత్త తీగలను గొట్టాలలో నడిపించాం. విద్యుత్తు నేలలోకి కారిన క్షణంలోనే సరఫరాను నిలిపివేసే మీటను బిగించాం. చెక్కనేల మీద దోమల చుట్టను వెలిగించడం నిషేధించి దోమతెర కట్టాం.

గోడల రంగు విషయంలో కూడా ఒక పాఠం నేర్చుకొన్నాను. రంగులలో కలిసే సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. గృహాలంకరణ రంగులలో సీసం పదిలక్ష భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. నేను కొన్న రంగు డబ్బా మీద ఆ వివరం ఉన్నదో లేదో నేను చూడనే లేదు. ఈసారి డబ్బా మీది అక్షరాలను చదివి కొన్నాం. చదివినది నేను కాదు, మా మేనకోడలు.

రెండవది వేడి, గాలి, వెలుతురు. అటక గదికి ప్రధాన శత్రువు ఎండ. పగలంతా కాగిన పెంకులు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని లోనికి వదులుతూనే ఉంటాయి. ఇంటిలోని వేడిగాలి తేలికై పైకి చేరుతుంది. పంకా ఆ వేడిగాలిని తిప్పుతుందే గాని చల్లబరచలేదు. కాబట్టి వేడిగాలి పోయే దారి చూపాలి. గదికి రెండు చివరల ఉన్న త్రికోణపు గోడలలో ఎదురెదురుగా రెండు కిటికీలు తీయించాం. వాటి కిందిగట్టు బాలిక నిలబడితే ఆమె ఛాతీ ఎత్తున ఉండేటట్లు చూశాం. బయటికి చూసే వీలుండాలి; పడిపోయే వీలుండరాదు. అందుకని వాటికి ఊచలు అమర్చాం. అయితే ప్రమాదవేళ బయటపడే మార్గం మూసుకొనిపోకుండా ఒక కిటికీ ఊచల చట్రాన్ని లోపలి నుండి గడియ తీసి తెరిచే విధంగా చేయించి, తీసే పద్ధతిని ఆమెకు నేర్పాం. మంచాన్ని, ఎక్కడానికి వీలైన ఏ వస్తువునూ కిటికీల దగ్గర ఉంచలేదు.

పెంకులకు దిగువన జానెడు ఖాళీ వదిలి వెదురు తడికలు బిగించాం. పెంకు వేడి నేరుగా గదిలోకి దిగకుండా ఆ ఖాళీలోని గాలి అడ్డుకొంటుంది. నడికొప్పు దగ్గర గాలి పోయే సందులు వదిలాం. వేసవికి ముందు పెంకులపై తెల్లసున్నం కొట్టించాం. తెలుపు సూర్యకాంతిని తిప్పికొడుతుంది. ఈ చిన్న సూత్రాన్నే ఆధారం చేసికొని ఇళ్ల కప్పులు చల్లగా ఉంచడానికి తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. మన పూర్వులు ఏటేటా ఇంటికి వెల్లవేసిన అలవాటులో అందంతోపాటు ఈ ప్రయోజనం కూడా ఇమిడి ఉన్నది. వెలుతురు కోసం కప్పులో రెండు మామూలు పెంకులు తీసి, వాటి చోట గాజుపెంకులు అమర్చి, వాటి కింద తడికను కోయించాం. పగటిపూట దీపం అవసరం తప్పింది. రాత్రివేళ ఆమె పడకమీద నుండి ఒక నక్షత్రమో, రెండో కనిపించసాగాయి. పడకను అక్కడికి జరపమన్నది ఆమే.

మూడవది గృహోపకరణాల అమరిక. ఏటవాలు కప్పున్న గదిలో పాటించవలసిన సూత్రం సులభమైనది. నిలబడి చేసే పనులకు ఎత్తున్న నడిమి భాగాన్ని ఖాళీగా విడిచిపెట్టాలి. కూర్చొని చేసే పనులు, పడుకోవడం, వస్తువులను భద్రపరచడం వంటివి ఎత్తు తక్కువగా ఉన్న పక్కలకు చేర్చాలి. ఎత్తైన మంచం తీసివేసి, అడుగు ఎత్తు మాత్రమే ఉన్న చెక్క పడకను వేయించాం. లేచి కూర్చొన్నప్పుడు తలపై జానెడు చోటు మిగిలేటట్లు దానిని చూరు నుండి కొంత లోపలికి జరిపాం. పడకకు, చూరుకు నడుమ మిగిలిన ఇరుకు చోటులో చక్రాలున్న పొట్టి పెట్టెలు పెట్టాం. బట్టలు, బొమ్మలు, పాత పుస్తకాలు వాటిలో ఇమిడిపోయాయి.

ఆనాడు ఆమె ఎత్తు 128 సెంటీమీటర్లు. పెద్దల బల్ల సాధారణంగా 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తు పిల్లలకు సుమారు 60 సెంటీమీటర్ల బల్ల, 35 సెంటీమీటర్ల కుర్చీ చాలు. పాదాలు నేలకు ఆని, మోచేతులు బల్లమీద సుఖంగా నిలిస్తే వెన్ను నిటారుగా ఉంటుంది. వడ్రంగి బల్ల కాళ్లకు అంచెలంచెలుగా రంధ్రాలు తొలిచి, పిల్ల ఎదిగినకొద్దీ ఎత్తు పెంచుకొనే సౌకర్యం కల్పించాడు. పుస్తకాల అరలు ఆమె భుజాల ఎత్తు దాటలేదు. అడుగు వరుసలో బరువైనవి, పై వరుసలో తేలికైనవి.

పిల్లల కొలతకు తగిన ఉపకరణాలు అన్న ఈ ఆలోచనను ప్రపంచానికి గట్టిగా చెప్పినవారిలో ఇటలీ దేశపు వైద్యురాలు, విద్యావేత్త మారియా మాంటిస్సోరి ప్రముఖురాలు. 1907లో రోము నగరంలోని పేదల వాడలో ఆమె ప్రారంభించిన 'బాలల గృహం'లో బల్లలు, కుర్చీలు పిల్లలు స్వయంగా ఎత్తి జరుపుకోగలిగినంత తేలికగా ఉండేవి. ఆమె 1939లో మన దేశానికి వచ్చి మద్రాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. తన వస్తువును తానే తీసి తానే సర్దుకోగలిగిన పిల్లవాడు క్రమంగా తన పనిని తానే చేసుకోగలుగుతాడన్నది ఆ పద్ధతిలోని సారం. మా ఇంట అది అక్షరాలా జరిగింది. పై అర అందక ఎవరినో పిలవవలసిన అవసరం తప్పిన నాటి నుండి ఆ గదిని సర్దే పని మాకు మిగలలేదు.

నాలుగవది అలంకరణ. ఈ విషయంలో నేను ఒకే ఒక నియమం పెట్టుకొన్నాను: నోరు మెదపరాదు. గులాబీరంగు ఆమెకు ఇష్టం లేదని అప్పుడు తెలిసింది. లేత పసుపు వేయమన్నది. ఒక గోడ అడుగు భాగాన్ని నల్లబల్లగా మార్చమన్నది. దానిమీద ప్రతిరోజూ ఒక ముగ్గు, ఒక బొమ్మ, ఒక లెక్క కనిపించేవి. కార్టూను తెరలను తీసివేసి, తన పెట్టెలో నుండి తల్లి నూలుచీర ఒకటి తెచ్చి "దీన్ని కట్టొచ్చా అత్తయ్యా?" అని నా భార్యను అడిగింది. ఇద్దరూ కలిసి దానిని రెండు కిటికీలకు తెరలుగా కుట్టారు. గాలి వీచినప్పుడల్లా ఆ గదిలో అమ్మ చీర కదిలేది.

ఆమె వెంట తెచ్చుకొన్న గుప్పెడు బొమ్మలు ఏటికొప్పాకవి. అనకాపల్లి ప్రాంతంలోని ఆ గ్రామంలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులు అద్ది బొమ్మలు చేస్తారు. ఆ కళకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. తండ్రి కొనిపెట్టిన ఆ బొమ్మలను ఆమె కిటికీ గట్టుమీద వరుసగా నిలిపింది. నేను కొనాలనుకొన్న ఖరీదైన అలంకారాలన్నీ ఆ వరుస ముందు వెలవెలబోయాయి.

ఇక ఒక గోడమీద ఆసియా ఖండపు పటం అతికించింది. మా ఊరున్న చోట ఒక గుండుసూది, కువైట్ ఉన్న చోట మరొకటి గుచ్చి, రెండింటినీ ఎర్రదారంతో కలిపింది. పటం కింద రెండు గడియారాలు పెట్టమన్నది. కువైట్ సమయం మన సమయం కంటె రెండున్నర గంటలు వెనుక. మా ఇంట రాత్రి తొమ్మిది గంటలయ్యేసరికి అక్కడ సాయంత్రం ఆరున్నర. అమ్మ ఆసుపత్రి నుండి గదికి వచ్చి ఫోను చేసే వేళ అది. రెండవ గడియారాన్ని చూస్తూ "ఇప్పుడు అమ్మ అన్నం తింటూ ఉంటుంది" అని చెప్పేది. ఏ గృహాలంకరణ గ్రంథమూ నాకు ఆ గడియారం గురించి చెప్పి ఉండేది కాదు.

ఇక్కడ ఒక చారిత్రక సంఘటనను స్మరించడం సముచితం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 జూలైలో, పదమూడేళ్ల యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ నాజీల బారినుండి తప్పించుకోవడానికి కుటుంబంతోపాటు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక భవనం వెనుక భాగంలో తలదాచుకొన్నది. ఆమె సేకరించుకొన్న సినీతారల చిత్రాలను, పోస్టుకార్డులను తండ్రి ముందుగానే అక్కడికి చేరవేశాడు. ఆ బాలిక వాటిని తన ఇరుకు గది గోడలకు అతికించుకొన్నది. పైనున్న అటక కిటికీలో నుండి ఒక చెస్ట్‌నట్ చెట్టును, ఆకాశాన్ని చూస్తూ ఊరట పొందేది. 1944 ఆగస్టు 4న ఆ కుటుంబం పట్టుబడింది. 1945లో ఆమె నిర్బంధ శిబిరంలో మరణించింది. 1947లో ఆమె దినచర్య పుస్తకం వెలువడింది. ఆ భవనం నేడు ప్రదర్శనశాల. గోడమీది ఆ చిత్రాలు నేటికీ అక్కడే ఉన్నాయి. ప్రాణాలకే భరోసా లేని చోట కూడా ఒక బాలిక మొట్టమొదట కోరుకొన్నవాటిలో తనదైన గోడ ఒకటి. మా మేనకోడలి కష్టానికి, ఆమె కష్టానికి పోలిక లేదు. కానీ పిల్లలు గోడమీద అతికించే బొమ్మ కేవలం అలంకారం కాదని, 'నేనిక్కడ ఉన్నాను' అనే ప్రకటన అని ఆ గోడ మనకు బోధిస్తుంది.

గది సిద్ధమైన తరువాత కూడా ఒక కోరిక మిగిలింది. మోకాళ్ల నొప్పులతో మా అమ్మగారు మెట్లెక్కలేరు. "రాత్రి భయమేస్తే అమ్మమ్మ ఎలా వస్తుంది?" అని పిల్ల సందేహం. వడ్రంగి నవ్వి, తన పడక నుండి అమ్మమ్మ మంచం దాకా సన్నని తాడు లాగి, దాని చివర చిన్న గంట కట్టాడు. తాడు పిల్ల మెడకు చేతికి చుట్టుకోకుండా గోడవెంట కొక్కేలలో నడిపి, చివర ఒక చెక్క గుండు మాత్రం అందేటట్లు చేశాడు. మొదటి వారం నా భార్య ఆమె పక్కనే పడుకొన్నది. ఆ వారంలో గంట రాత్రికి నాలుగైదుసార్లు మోగేది. కింది నుండి "ఉన్నానే తల్లీ" అని అమ్మగారు పలికేవారు. రెండవ వారంలో ఒంటరిగా పడుకొన్నది. గంట ఒకటి రెండుసార్లు మోగింది. నెల తిరిగేసరికి గంట మోగడం మానేసింది. ఒకనాటి ఉదయం మా అమ్మగారు కాఫీ తాగుతూ, "నిన్న రాత్రి కూడా గంట మోగలేదురా" అన్నారు. ఆ మాటలో సంతోషమెంతో, చిన్న వెలితి ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

మొదటి అమరికకు అయిన ఖర్చు రెండవదానికంటె ఎక్కువని లెక్క చూసికొన్నప్పుడు తెలిసింది. బీరువా, పెద్ద మంచం అమ్మిన డబ్బుతోనే మెట్ల పని చాలావరకు పూర్తయింది. అలంకరణకు ధనం ప్రధానం కాదు. ఎవరికోసం అలంకరిస్తున్నామో వారిని అడగడం ప్రధానం. పెద్దలు చూడవలసినవి పెద్దలు చూడాలి. నేల బలం, మెట్ల పట్టు, విద్యుత్తు తీగ, రంగులోని సీసం వంటివి పిల్లల ఇష్టానికి వదిలివేయదగినవి కావు. కానీ గోడ ఏ రంగులో ఉండాలి, కిటికీ గట్టుమీద ఏ బొమ్మ నిలవాలి, పడక ఏ నక్షత్రం కింద ఉండాలి అన్నవి పెద్దలు నిర్ణయించవలసినవి కావు. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయాలో తెలియకపోవడమే నా మొదటి పొరపాటు.

బాలల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన ఒడంబడికలో మన దేశం 1992లో భాగస్వామి అయింది. తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉన్నదని ఆ ఒడంబడిక స్పష్టం చేస్తున్నది. ఆ హక్కు దేశాల రాజధానులలో అమలు కావడానికి ముందు ఇంటి అటక మీద అమలు కావాలి.

ఆరేళ్లు గడిచాయి. మా చెల్లెలు అప్పులు తీర్చి తిరిగి వచ్చింది; పట్టణంలో ఇల్లు తీసికొని కూతురితో ఉంటున్నది. మా మేనకోడలు ఇప్పుడు మీవలె ఇంటర్మీడియట్ విద్యార్థిని. ఇల్లు మారేనాడు ఆమె పటాన్ని, గడియారాలను, బొమ్మలను తీసికొని వెళ్లింది. నల్లబల్ల మీది చివరి ముగ్గును మాత్రం చెరపవద్దన్నది. వడ్రంగి బల్ల కాళ్ల రంధ్రాలలో అన్నింటికంటె పైది ఆమె వెళ్లేనాటికి వాడుకలోకి వచ్చింది.

సెలవులకు వచ్చినప్పుడు ఆమె ఇంటిలో అడుగుపెట్టిన వెంటనే "అత్తయ్యా, నేను అటకెక్కుతున్నా" అని కేక వేసి మెట్లెక్కుతుంది. నేను జాతీయాలు బోధించే తరగతిలో 'అటకెక్కించడం' వచ్చినప్పుడు నిఘంటువు చెప్పే అర్థం చెబుతాను. ఆ తరువాత ఈ గది కథ చెబుతాను.

కఠిన పదాలకు అర్థాలు

మండువా = ఇంటి నడుమ పైకప్పు లేని చోటు
లోగిలి = ఇల్లు, ఇంటి ప్రాంగణం
భోషాణం = వస్తువులు దాచే పెద్ద చెక్కపెట్టె
నడికొప్పు = ఏటవాలు కప్పు రెండు వైపులా కలిసే శిఖరభాగం
చూరు = ఇంటి కప్పు అంచు
వాసం = పైకప్పును మోసే కర్ర
గవాక్షం = చిన్న కిటికీ
చంద్రశాల = మేడ మీది గది
తరిణె పట్టు = కర్రను తిప్పుతూ చెక్కి నునుపు చేయు
ఒడంబడిక = ఒప్పందం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. అటక గదిని తీర్చిదిద్దడంలో రచయిత మొదట చేసిన పొరపాట్లు ఏవి? వాటిని ఎట్లా సరిదిద్దుకొన్నాడు?
2. పిల్లల గది విషయంలో పెద్దలు నిర్ణయించవలసినవి, పిల్లలకు వదిలివేయవలసినవి ఏవో పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. "పనికిరాని వస్తువుల్నే కదా అటకెక్కిస్తారు?" అన్న బాలిక ప్రశ్నలోని ఆవేదనను వివరించండి.
2. అటక గదిలో వేడిని తగ్గించడానికి చేసిన ఏర్పాట్లు ఏవి?
3. రెండు గడియారాల ఏర్పాటు బాలిక మనసును ఎట్లా తెలియజేస్తున్నది?
4. ఆన్ ఫ్రాంక్ ఉదంతాన్ని రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించాడు?

ఇ) ఏకపద / వాక్య సమాధానాలు రాయండి.
1. 'బాలల గృహం' ఏ నగరంలో ప్రారంభమైంది?
2. ఏటికొప్పాక బొమ్మలను ఏ కర్రతో చేస్తారు?
3. వడ్రంగి ముందుగా చూడాలన్నవి ఏవి?

ఈ) సంధులు
1. ఆరేళ్లు = ఆరు + ఏళ్లు – ఉత్వసంధి
2. విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
3. గృహోపకరణం = గృహ + ఉపకరణం – గుణసంధి

ఉ) సమాసాలు
1. గాలి వెలుతురులు – గాలియును, వెలుతురును – ద్వంద్వ సమాసం
2. అమ్మ చీర – అమ్మ యొక్క చీర – షష్ఠీ తత్పురుష సమాసం
3. రెండు గడియారాలు – రెండు సంఖ్య గల గడియారాలు – ద్విగు సమాసం

ఊ) భాషాకృత్యం
మీ ఇంటిలో మీకు లేదా మీ తమ్ముడికి, చెల్లెలికి కేటాయించిన చోటును నేలమీద కూర్చొని ఒకసారి పరిశీలించండి. మార్చదగిన మూడు విషయాలను గుర్తించి, ఇంటి పెద్దలను ఉద్దేశించి మర్యాదపూర్వకంగా ఒక లేఖ రాయండి.